ఒకే కోత... ఇద్దరు డాక్టర్లు... బిల్లు ఎన్ని ఆపరేషన్లకు?

పొట్ట తెరిచింది ఒకేసారి. లోపల పనిచేసింది మాత్రం ఇద్దరు సర్జన్లు. ఒకరు గర్భసంచి తీశారు. మరొకరు దానికి అతుక్కుపోయిన పేగును సరిచేశారు. మరి కాగితం మీద అది ఒక ఆపరేషనా... రెండా? ఈ చిక్కుప్రశ్నకు జవాబు చెప్పేది ఓ చిన్న కోడ్. కోనసీమ నుంచి హైదరాబాద్ వెళ్లి మెడికల్ కోడింగ్ చేసే పిల్లలకు అది ఉద్యోగం. ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలకు అది ఆసుపత్రి బిల్లు!

డిగ్రీలో బయాలజీ చదివిన పిల్లలకు ఒకప్పుడు రెండే దారులు... బీఈడీ, లేదంటే మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగం. ఇప్పుడు మూడోది వచ్చింది. అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని, అమెరికా ఆసుపత్రుల కేసు కాగితాలు చదివి, వాటికి కోడ్‌లు వేసే పని. బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవాళ్లూ ఈ దారి పడుతున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వీధుల్లో 'మా అమ్మాయి కోడింగ్ చేస్తోంది' అని చెప్పే ఇళ్లకు కొదవలేదు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అనుకునే చుట్టాలకు 'అది వేరు, ఇది వేరు' అని చెప్పలేక ఆ తల్లిదండ్రులు పడే తిప్పలు వేరే సంగతి!

ఈ పనిలో కొత్తవాళ్లను బాగా తికమకపెట్టేవాటిలో ఒకటి, ఒకే పొట్టలో ఇద్దరు సర్జన్లు చేయిపెట్టిన కేసు. అదే చిక్కు మన ఊళ్లోనూ ఎదురవుతుంది. కాకపోతే ఇక్కడ దాన్ని విప్పాల్సింది శిక్షణ పొందిన కోడర్ కాదు, కౌంటర్ దగ్గర నిలబడ్డ రోగి కొడుకో కూతురో.

ఇద్దరు ఎందుకు వస్తారు?

పొట్ట అంటే ఒక్క అవయవం కాదు. పేగులు, గాల్‌బ్లాడర్, అపెండిక్స్, గర్భసంచి, అండాశయాలు, మూత్రనాళాలు, వాటి వెనక పెద్ద రక్తనాళాలు... అన్నీ ఇరుగుపొరుగు కాపురాలే. ఒకరింట్లో మంట రేగితే పక్కింటికి సెగ తగులుతుంది. అందుకే ఒక డాక్టర్ మొదలుపెట్టిన ఆపరేషన్‌లోకి మరొకరు రావాల్సి వస్తుంది. అది నాలుగు రకాలుగా జరుగుతుంది.

మొదటిది, ముందే అనుకుని చేసేది. గర్భసంచిలో గడ్డలున్నాయి, గాల్‌బ్లాడర్‌లో రాళ్లూ ఉన్నాయి. రెండుసార్లు మత్తు ఇవ్వడం ఎందుకని ఒకే రోజు రెండూ కానిచ్చేస్తారు. గైనకాలజిస్టు ఒకటి, జనరల్ సర్జన్ మరొకటి.

రెండోది, లోపల చూశాక బయటపడేది. పెద్దవాళ్లు ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారే, ఆ అపెండిక్స్ అనుకుని తెరిస్తే అండాశయంలో మెలిపడ్డ తిత్తి కనిపిస్తుంది. అప్పటికప్పుడు గైనకాలజిస్టును పిలుస్తారు.

మూడోది, ఒకే ఆపరేషన్‌ను ఇద్దరు పంచుకునేది. పురీషనాళం క్యాన్సర్‌కు చేసే ఒక పెద్ద శస్త్రచికిత్సలో ఒకరు పొట్ట వైపు నుంచి, మరొకరు కింది వైపు నుంచి పనిచేస్తారు. రెండు చేతులు, రెండు దారులు... తీసే భాగం మాత్రం ఒక్కటే.

నాలుగోది, సాయం. ప్రధాన సర్జన్ ఒకరే. రెండో ఆయన పేగుల్ని పక్కకు పట్టుకుంటాడు, రక్తం కారకుండా చూస్తాడు, కుట్లకు సాయపడతాడు.

బయట కూర్చున్న మనకు నాలుగూ ఒకటే... 'ఇద్దరు డాక్టర్లు చేశారు'. కానీ కోడ్ భాషలో ఈ నాలుగూ వేర్వేరు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

జబ్బుకో నంబరు... పనికో నంబరు

ఆసుపత్రి కాగితం మీద రెండు రకాల కోడ్‌లు ఉంటాయి. ఒకటి జబ్బుది. మరణ కారణాలను వర్గాలుగా విడగొట్టి 1893లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బెర్టిలాన్ తయారుచేసిన జాబితా దీనికి మూలం. దాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెంచుకుంటూ వచ్చి ఐసీడీ అని పిలుస్తోంది. పదో కూర్పులో కె35 అంటే తీవ్రమైన అపెండిసైటిస్. కె80 అంటే పిత్తాశయంలో రాళ్లు. డి25 అంటే గర్భసంచి గడ్డలు. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినా, మన ఆసుపత్రి కాగితాల మీద ఎక్కువగా కనిపించేది పదోదే.

రెండోది డాక్టర్ చేసిన పనికి ఇచ్చే కోడ్. అమెరికాలో డాక్టర్ల బిల్లులకు సీపీటీ వాడతారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదలుపెట్టిన పుస్తకం అది. ఏటా మారుతుంది. మన పిల్లలు రాసే సీపీసీ పరీక్షలో ఈ పుస్తకాలు దగ్గర పెట్టుకునే జవాబులు రాస్తారు. నాలుగు గంటలు, వంద ప్రశ్నలు, డెబ్భై శాతం వస్తే పాస్. పుస్తకం చేతిలో ఉంటే ఇంకేం కష్టం అనుకోకండి. కష్టం నంబరు వెతకడంలో లేదు. ఆపరేషన్ నోట్స్ చదివి ఎవరు ఏం చేశారో పట్టుకోవడంలో ఉంది.

అమెరికా లెక్క ఇదీ!

గర్భసంచిని పొట్ట కోసి తీస్తే సీపీటీలో 58150. పెద్దపేగులో కొంత భాగం కోసి మళ్లీ కలిపితే 44140. గైనకాలజిస్టు మొదటిదీ, జనరల్ సర్జన్ రెండోదీ చేస్తే... పొట్ట ఒకటే అయినా ఆపరేషన్లు రెండు. ఎవరి కోడ్ వారు వేసుకుంటారు. అంతే. ఇందులో 'ఇద్దరు కలిసి చేశారు' అని చెప్పే గుర్తు అక్కర్లేదు.

అలాకాక ఒకే కోడ్‌లోని పనిని ఇద్దరు చెరో భాగం చేస్తే అప్పుడు ఆ కోడ్ చివర '62' అనే తోక తగిలించాలి. కోడర్లు దీన్ని మాడిఫయర్ అంటారు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ నడుం పూసల ఆపరేషన్. పూసలను వెనక నుంచి కాకుండా పొట్ట వైపు నుంచి అతికించే పద్ధతి ఒకటుంది. రక్తనాళాల సర్జన్ పొట్ట కోసి, పేగుల్నీ పెద్ద రక్తనాళాల్నీ పక్కకు జరిపి దారి చేస్తాడు. వెన్నెముక సర్జన్ ఆ దారిన వెళ్లి పూసల్ని అతికిస్తాడు. దారి చేసినాయన 'పొట్ట తెరిచింది నేనే కదా' అని దానికి విడిగా మరో కోడ్ వేయకూడదు. ఇద్దరూ 22558 అనే ఒకే కోడ్ రాసి, ఇద్దరూ 62 తగిలించాలి. ఒక్కరే తగిలించి రెండోవాళ్లు మరిచిపోతే ఒకే ఆపరేషన్‌కు రెండు పూర్తి బిల్లులు వచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడే క్లెయిమ్ ఆగిపోతుంది.

డబ్బు లెక్క కూడా చూడండి. అక్కడి ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, 62 ఉన్నప్పుడు ఒక్కో సర్జన్‌కు అసలు రుసుములో 62.5 శాతం ఇస్తుంది. వెయ్యి డాలర్ల ఆపరేషన్ అనుకుంటే ఒక్కొక్కరికి 625. మొత్తం 1250. రెండో ఆయన సాయానికి మాత్రమే వచ్చిన డాక్టరైతే కోడ్‌కు 80 తగిలిస్తారు. అప్పుడు ఆయనకు దక్కేది 16 శాతం, అంటే 160 డాలర్లు. 625కీ 160కీ ఉన్న తేడా ఆపరేషన్ నోట్స్‌లోని రెండు మూడు వాక్యాల మీద ఆధారపడి ఉంటుంది. 'కలిసి చేశాం' అని రాస్తే చాలదు. ఏ భాగం ఎవరు చేశారో ఇద్దరూ విడివిడిగా నోట్స్ రాయాలి. అన్ని ఆపరేషన్లకూ ఇద్దరు సర్జన్లను మెడికేర్ ఒప్పుకోదు కూడా. ఏ కోడ్‌కు ఒప్పుకుంటుందో ఫీజుల పట్టికలోనే గుర్తు పెట్టి ఉంచుతుంది.

విస్తరాకుకు వేరే బిల్లా?

పెళ్లి భోజనానికి మనిషికి ఇంత అని మాట్లాడుకున్నాక, ఆకుకు ఇంత, నీళ్లకు ఇంత అని వంటాయన విడిగా అడిగితే ఊరుకుంటామా? ఆపరేషన్ కోడ్ కూడా అలాంటిదే. పొట్ట తెరవడం, లోపల చూడడం, మూసి కుట్లు వేయడం అసలు ఆపరేషన్‌లోనే కలిసి ఉంటాయి. పొట్ట తెరిచి చూడడానికి సీపీటీలో 49000 అనే కోడ్ ఉంది. కానీ చూసి, లోపల మరేదైనా ఆపరేషన్ చేశాక దాన్ని విడిగా వేయకూడదు. అవయవాల మధ్య అతుకులు విడదీయడం కూడా మామూలుగా ప్రధాన ఆపరేషన్‌లో భాగమే.

అపెండిక్స్ విషయంలో ఇంకో మెలిక. వేరే పనికి పొట్ట తెరిచినప్పుడు 'ఎలాగూ తెరిచాం కదా' అని బాగున్న అపెండిక్స్‌ను తీస్తే మామూలుగా దానికి విడిగా డబ్బు రాదు. జబ్బుతో ఉండి, కారణం రాసి తీస్తే దానికి 44955 అనే అదనపు కోడ్ ఉంది. కోత అదే, తీసిన అవయవమూ అదే. కారణం రాయడంలోనే తేడా!

ల్యాప్రోస్కోపీతో మొదలుపెట్టి, కుదరక పొట్ట కోయాల్సి వస్తే? గాల్‌బ్లాడర్‌ను ల్యాప్రోస్కోపీలో తీస్తే 47562, కోసి తీస్తే 47600. మధ్యలో మారిస్తే రెండూ వేయరు. చివరికి ఎలా పూర్తయిందో ఆ ఒక్క కోడే వేస్తారు.

మన దగ్గర ప్యాకేజీ

ఇక మన ఊరికి వద్దాం. ఇక్కడ ప్రభుత్వ పథకాల్లో డబ్బు సర్జన్‌కు విడిగా రాదు. ప్యాకేజీ రూపంలో ఆసుపత్రికి వస్తుంది. లోపల ఎవరెంత తీసుకోవాలన్నది ఆసుపత్రి వ్యవహారం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీతో మనకు ఈ పద్ధతి అలవాటైంది. ప్రభుత్వాలతో పాటు పేర్లు మారుతూ వచ్చి, 2024 నుంచి అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. ప్రతి చికిత్సకూ ఓ కోడ్, దానికో ధర. ఆసుపత్రి ముందుగా ఆ కోడ్‌తో అనుమతి అడగాలి. ట్రస్టు డాక్టర్లు చూసి ఒప్పుకుంటారు. అత్యవసరమైతే ఫోన్‌లో అనుమతి తీసుకునే వీలుంది.

ఒకేసారి రెండు ఆపరేషన్లు చేస్తే? 2018 సెప్టెంబరులో మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లో దీనికి స్పష్టమైన లెక్క ఉంది. ఎక్కువ ధర ఉన్నదానికి పూర్తిగా, రెండోదానికి సగం, మూడోదానికి పావు. ఉదాహరణకు ఒక ప్యాకేజీ 20 వేలు, మరొకటి 12 వేలు అనుకుందాం. ఆసుపత్రికి వచ్చేది 32 వేలు కాదు, 26 వేలు. మత్తు ఒకటే, థియేటర్ ఒకటే, మంచం ఒకటే... కాబట్టి రెండోదానికి ఖర్చు తగ్గుతుందన్నది ఇందులోని తర్కం. తగ్గిన ఆ ఆరు వేలు రోగి కట్టాలా? అక్కర్లేదు. ప్యాకేజీ కిందకు వచ్చిన చికిత్సకు రోగి దగ్గర అదనంగా వసూలు చేయకూడదు.

ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు మరో సంగతి. క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపాల్సిన రెండో భాగం ఎప్పుడైనా చూశారా? జబ్బు కోడ్‌లకు గడులు, ఆపరేషన్ కోడ్‌లకు ఒకటి, రెండు, మూడు అని వరుసగా గడులు ఉంటాయి. రెండు ఆపరేషన్లు జరిగితే రెండో గడి ఖాళీగా ఉండకూడదు. గర్భసంచి ఒక్కటే రాసి, బిల్లులో మాత్రం జనరల్ సర్జన్ ఫీజు కనిపిస్తే 'ఈయన ఎందుకొచ్చాడు?' అని బీమా కంపెనీ అడుగుతుంది. అడగడం తప్పు కాదు. జవాబు కాగితం మీద లేకపోవడమే తప్పు.

ఏరు దాటే రోగి

కోనసీమవాళ్లకు ఈ కాగితం మరీ ముఖ్యం. చుట్టూ గోదావరి పాయలు. పెద్ద జబ్బు వస్తే ఏదో ఒక వంతెన దాటాల్సిందే. రాజోలు వైపువాళ్లు దిండి-చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం వెళ్తారు. కొత్తపేటవాళ్లు రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరతారు. అమలాపురం, ముమ్మిడివరం వాళ్లు ఎదుర్లంక వంతెన ఎక్కి యానాం దాటి కాకినాడ వెళ్తారు. స్కానింగ్ ఒక ఊళ్లో, ఆపరేషన్ మరో ఊళ్లో, కుట్లు విప్పించుకునేది సొంతూళ్లో. మనిషి వంతెన దాటినంత తేలిగ్గా కాగితం దాటదు. ఐదేళ్ల తర్వాత మళ్లీ కడుపునొప్పి వస్తే కొత్త డాక్టర్‌కు దిక్కు ఆ పాత డిశ్చార్జి సమ్మరీయే. అందులో 'పొట్ట ఆపరేషన్' అని మాత్రమే ఉంటే అండాశయాలు ఉన్నాయో లేవో, అపెండిక్స్ తీశారో లేదో ఎవరికి తెలుస్తుంది?

గల్ఫ్‌లో పనిచేసే కొడుకో కూతురో డబ్బు పంపి, ఫోన్‌లోనే ఆసుపత్రి సంగతులు కనుక్కునే ఇళ్లు ఇక్కడ ఎన్నో. వాళ్లకు చూపించగలిగిందీ కాగితమే.

అడగకుండా తీస్తే...

ఇంకో పెద్ద విషయం ఉంది. లోపల ఏదో కనిపించిందని ముందు చెప్పని అవయవాన్ని తీసేయొచ్చా? 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఢిల్లీకి చెందిన ఒక కేసులో దీనికి జవాబు చెప్పింది. ల్యాప్రోస్కోపీతో పరీక్ష చేయడానికి ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా, బయటున్న ఆమె తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒకదానికి ఇచ్చిన అనుమతి మరోదానికి చెల్లదనీ, ప్రాణాపాయం తప్పించడానికైతే తప్ప అలా చేయకూడదనీ కోర్టు తేల్చింది. తెలివిలో ఉండి నిర్ణయం తీసుకోగల పెద్ద మనిషి తరఫున ఇంట్లోవాళ్ల సంతకం సరిపోదని కూడా చెప్పింది. అంటే రెండో కోడ్ వేయడానికి ముందు రెండో అనుమతి ఉండాలి.

ఇది మన రాష్ట్రానికి చిన్న విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ప్రతి ఆపరేషన్ ఏ జబ్బుకు జరిగిందో సరైన కోడ్‌తో నమోదైతేనే అందులో అవసరమైనవి ఎన్నో, అనవసరమైనవి ఎన్నో ప్రభుత్వానికి తెలిసేది. కోడ్ తప్పితే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే జబ్బు దాక్కుంటుంది.

ఆసుపత్రిలో ఇవి మరవకండి

* ఒప్పంద పత్రం మీద సంతకానికి ముందు ఆపరేషన్ పేరు చదివించుకోండి. 'అవసరమైతే ఇంకేమైనా' అని ఉంటే, అది ఏమిటో అడగండి.

* ఇద్దరు సర్జన్లు వస్తారని ముందే తెలిస్తే ఒకటే ప్యాకేజీకి అనుమతి అడిగారా, రెండింటికా అని ఆరోగ్యమిత్రను గానీ బీమా డెస్కును గానీ అడగండి.

* లోపల ప్లాన్ మారితే ఆ రోజే అనుమతి మార్పించమని అడగండి. డిశ్చార్జి రోజున గుర్తుచేస్తే ఆలస్యమవుతుంది.

* డిశ్చార్జి సమ్మరీలో మూడు విషయాలు ఉండాలి. ఏ జబ్బు, ఏయే ఆపరేషన్లు, ఏది ఎవరు చేశారు. తీసిన భాగాన్ని పరీక్షకు పంపితే బయాప్సీ రిపోర్టు జతచేయించుకోండి.

* ఆపరేషన్ నోట్స్ కాపీ అడగండి. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం రోగి గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

* బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కోడ్ తప్పయితే ఆసుపత్రి సవరించి మళ్లీ పంపొచ్చు. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. నెలలోపు తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు మన పక్కనున్న యానాం కూడా ఆ కార్యాలయం పరిధిలోదే.

రాయనిది జరగనట్టే!

కోడింగ్ శిక్షణలో మొదటిరోజు చెప్పే సూత్రం ఒకటుంది. కాగితం మీద రాయనిది జరగనట్టే. సర్జన్ ఎంత గొప్పగా చేసినా, ఎన్ని గంటలు నిలబడినా నోట్స్‌లో లేకపోతే కోడర్ దానికి నంబరు వేయకూడదు. అలాగే జరగనిదానికి నంబరు వేస్తే అది మోసం. ఎంతమంది డాక్టర్లు వచ్చారు, ఎంత పొడుగు కోత పెట్టారు అన్నది కాదు లెక్క. ఎవరు ఏ పని చేశారు, ఎందుకు చేశారు అన్నదే లెక్క.

ఎక్కడో అమెరికాలో ఇద్దరు సర్జన్ల మధ్య రుసుము సరిగ్గా పంచుతున్నది మన ఊరి పిల్లలే. ఈసారి పండక్కి వాళ్లు ఇంటికొచ్చినప్పుడు పూతరేకులతో పాటు బీరువాలోని ఆసుపత్రి ఫైలు కూడా ముందు పెట్టండి. అమ్మ ఆపరేషన్ కాగితాలు ఓసారి చదవమనండి. ఏ అవయవం ఉంది, ఏది తీశారు, కారణం ఏమిటి... అన్నీ తెలుగులో ఓ కాగితం మీద రాయించి ఫైలు పైన పెట్టుకోండి. ఆ ఒక్క కాగితం మళ్లీ ఎప్పుడైనా ఏ వంతెన దాటాల్సి వచ్చినా మీతో పాటు దాటుతుంది.